బంగాళాదుంప – సంస్కార భేదము

“బంగాళాదుంప వాతము చేయును” అని పెద్దలు దానిని విస్తరిలో పక్కకు నెట్టుదురు. అదే దుంపను నూనెలో దేవి పెట్టినచో పిల్లలు అన్నము మాని దానినే తిందురు. ఈ రెండింటికి నడుమ ఇంటిల్లిపాదికి అనువైన మార్గమొకటి ఉన్నది.

ఈ దుంప పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. 16వ శతాబ్దిలో ఐరోపాకు, ఆ తరువాత పోర్చుగీసువారి ద్వారా మన దేశమునకు వచ్చినది. కావున చరక సుశ్రుత సంహితలలో దీని ప్రస్తావన లేదు. అందలి ఆలుక శబ్దము ఇతర కందములను తెలుపునది.

అయినను ఏ క్రొత్త ఆహారమునైనను పరీక్షించు పద్ధతిని చరకుడు విమానస్థానమున చెప్పియున్నాడు. పదార్థ స్వభావము, సంస్కారము, సంయోగము, పరిమాణము, దేశము, కాలము, భుజించు నియమము, భుజించు వ్యక్తి అను ఎనిమిదింటిని విచారింపవలెను. వడ్లు గురువులైనను పేలాలు లఘువులగుట సంస్కార ఫలమే.

బంగాళాదుంప గురువు, రూక్షము; కొందరికి కడుపుబ్బరము కలిగించును. కావున నూనెలో ముంచి దేవుటకు బదులు, కొద్ది నూనె పట్టించి పొడి వేడిపై కాల్చుట మేలు. నువ్వుల నూనె రూక్షతను తగ్గించును. జీలకర్ర, మిరియాలు, శొంఠి, ఇంగువ దీపన పాచనములు. నెయ్యి, వెన్న లేకున్నను రుచికి లోటుండదు.

కావలసిన పదార్థములు (నలుగురికి): బంగాళాదుంపలు అర కిలో, నువ్వుల నూనె 2 పెద్ద చెంచాలు, జీలకర్ర పొడి 1 చిన్న చెంచా, మిరియాల పొడి అర చెంచా, శొంఠి పొడి పావు చెంచా, ఇంగువ చిటికెడు, కరివేపాకు 2 రెమ్మలు, సైంధవ లవణము తగినంత, నిమ్మకాయ సగము.

చేయు విధానము: దుంపలను తొక్కతోనే శుభ్రముగా కడిగి, అంగుళము ముక్కలుగా కోసి, ఉప్పు వేసిన నీటిలో 8 నిమిషములు ఉడికించవలెను. నీరు వంచివేసి, ఆవిరి పోవువరకు ఆరనిచ్చి, గిన్నెపై మూతపెట్టి రెండుమూడు మారులు కుదుపవలెను. ముక్కల అంచులు గరుకెక్కును. కరకరలాడుటకు ఇదియే కీలకము. నూనె, జీలకర్ర, శొంఠి, ఇంగువ పట్టించి, ట్రేలో ఒకదానిపై ఒకటి పడకుండ పరచి, ముందే 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన ఓవెన్‌లో 35 నుండి 40 నిమిషములు ఉంచవలెను. నడుమ ఒకమారు త్రిప్పవలెను. మిరియాల పొడి, కరివేపాకు మాడును గనుక చివరి 5 నిమిషములలో చేర్చవలెను. దించిన పిదప నిమ్మరసము పిండవలెను. ఓవెన్ లేనివారు మందపాటి ఇనుప మూకుడులో అదే నూనెతో, సన్నని సెగపై త్రిప్పుచు కాల్చుకొనవచ్చును.

జాగ్రత్తలు: ముక్కలు బంగారు వన్నె రాగానే దించవలెను. పిండిపదార్థము అధిక వేడికి నల్లబడునపుడు ఆక్రిలమైడ్ అను హానికర పదార్థము పెరుగునని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. పచ్చబడిన, మొలకెత్తిన దుంపలలో సోలనిన్ అను విషము ఉండవచ్చును. అది వండినను పోదు. అట్టివి పారవేయవలెను.

మధుమేహము గలవారు దీనిని అన్నముతో నంజుకొనుటకు కూరగా భావింపరాదు. తినినంత మేరకు అన్నము తగ్గించవలెను. మూత్రపిండ రోగులు ఇందలి పొటాషియము కారణముగా వైద్యుని అనుమతి లేక తినరాదు. సైంధవమైనను ఉప్పే కనుక రక్తపోటు గలవారు మితము పాటించవలెను.

వాతతత్త్వము గలవారు మధ్యాహ్న భోజనమున, ఆకలి బాగుగా ఉన్నపుడు, పప్పు, ఆకుకూర, చారులతో కలిపి, వేడిగా, కొద్దిగా భుజించవలెను. దుంపను నిందించుటకు ముందు దానిని వండిన తీరును, విస్తరిలో వడ్డించిన పరిమాణమును పరీక్షించుట వివేకవంతుల లక్షణము.