దూరము నుండి కంప్యూటరు నిర్వహణ – మేలు, కీడు

బొగ్గు గనుల ప్రాంతమున పెరిగిన మనకు ఒక విషయము సుపరిచితము. పేలుడు సామగ్రి లేనిదే భూగర్భ గనిలో ఎన్నోచోట్ల బొగ్గు రాలదు. అయినను దానిని తాళము వేసి భద్రపరచెదరు. అర్హత పొందిన షాట్‌ఫైరరుకు మాత్రమే లెక్క వ్రాసి ఇచ్చెదరు. మిగిలినదానిని తిరిగి అప్పగించుకొనెదరు. ఎంత శక్తియో అంత కాపలా అన్నది గని నేర్పు నీతి. నేడు మన చేతి ఫోనులో అట్టి శక్తి యొకటి చేరినది గాని, దానికి కాపలా మనమే ఏర్పరచుకొనవలసి యున్నది.

అదియే దూరము నుండి కంప్యూటరును నడుపు సాధనము. జర్మనీ దేశమున 2005లో ఆరంభమైన టీమ్‌వ్యూయర్, 2014లో ఆరంభమైన ఎనీడెస్క్ ఈ కోవకు చెందినవి. సాధనమును తెరువగానే ఒక సంఖ్య కనిపించును. దానిని అవతలివారికి తెలిపి, తెరపై అడిగిన అనుమతి ఇచ్చినచో, మన తెర వారి తెరపై ప్రత్యక్షమగును. మరికొన్ని అనుమతులిచ్చినచో మన ఫోనును వారే నడుపగలరు.

దీని మేలు తక్కువది కాదు. దూరపు కార్యాలయములో కంప్యూటరు మొరాయించినచో నిపుణుడు కూర్చున్నచోటి నుండియే సరిచేయగలడు. 2020లో లాక్‌డౌన్ నాడు ఇట్టి సాధనముల వలననే ఎందరో ఇంటి నుండి ఉద్యోగములు నిర్వహించిరి.

కీడు ఎక్కడ మొదలగును? "మీ బ్యాంకు కేవైసీ ముగిసినది", "ఈ రాత్రికి మీ కరెంటు నిలిపివేయబడును" అని ఒక సందేశము వచ్చును. కంగారుపడి ఫోను చేసినవారిని అవతలి వ్యక్తి మర్యాదగా మాట్లాడుచు ఈ సాధనమును దించుకొనుమనును, సంఖ్య చెప్పుమనును. ఈ మోసమును గూర్చి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించినది.

ఇందొక మెలకువ గలదు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదని పెద్దలకు మనము నేర్పితిమి. వారు చెప్పరు కూడ. కాని తెర పరుల అధీనమైన పిదప చెప్పవలసిన పని యేమున్నది? నోరు మూసుకొన్నను తెరయే చెప్పివేయును. ముప్పది ఏండ్లు భూమి క్రింద శ్రమించిన కార్మికుని గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్ము నిమిషములలో మాయమగును. ఇందులో తాళము పగులలేదు. తాళపుచెవిని యజమాని చేతనే ఇప్పించుకొనిరి.

అందుచేత పెద్దలకు నేర్పవలసిన మాట మారవలెను: "మనము వెతుక్కొని పిలువని వానికి మన తెర చూపరాదు." పొరపాటు జరిగినచో వెంటనే ఇంటర్నెట్టు ఆపి, ఆ సాధనమును తొలగించి, బ్యాంకుకు తెలిపి, 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము చేతులు మారును. కంప్యూటరు ద్వారా మారువేషమున మోసగించినవానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము, 66డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా గలవు.

విద్యార్థులారా! ఇంట పెద్దల ఫోనులను సరిచేయువారు మీరే. రేపు ఉద్యోగములలో పరుల కంప్యూటర్లను నడుపువారును మీరే. ఉర్దూలో 'అమానతు' అను చక్కని మాట గలదు: నమ్మి అప్పగించిన సొత్తు అని భావము. ఇతరుల తెర మీ చేతికి వచ్చినపుడు అది అమానతు అని తలంచుడు; పని ముగిసిన వెంటనే అప్పగించుడు.