పాత కారుకు చల్లని ఊపిరి

మే నెల మధ్యాహ్నం. ధరణికోటలో ఒక చెట్టు నీడన పాత అంబాసిడర్ కారు ఇప్పుడే వచ్చి ఆగిందనుకోండి. నీడలోనే 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడి. ఇంజను ఆపించి, డ్రైవరుగారిచేత బానెట్ ఎత్తించండి. ముఖానికి గుప్పున సెగ కొడుతుంది. ఆ మూత కింద గాలి 70 డిగ్రీలున్నా ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంజను పీల్చేది ఆ గాలినే! ఒక గొట్టం ముక్క బిగించి బయటి గాలి అందిస్తే దానికి బలం పెరగదా అని మీకు తోచవచ్చు. మంచి ఆలోచనే. ఎంతవరకు మంచిదో లెక్క వేసి చూద్దాం.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 15 కిలోల గాలి కావాలి. చిక్కేమిటంటే, సిలిండరు గాలిని తూచి తీసుకోదు, కొలిచి తీసుకుంటుంది. మానెడు బియ్యమూ మానెడు పేలాలూ ఒకే బరువుంటాయా? చల్లటి గాలి బియ్యం వంటిది, వేడిగాలి పేలాల వంటిది. మీరు చదివిన చార్లెస్ నియమాన్ని గుర్తు తెచ్చుకోండి. 40 డిగ్రీలకు 273 కలిపితే 313. 70కి కలిపితే 343. 313ను 343తో భాగిస్తే 0.91 వస్తుంది. అంటే బానెట్ కింది గాలి బయటి గాలికన్నా నూటికి 9 వంతులు పలచన. ఇంజను బలం కూడా ఇంచుమించు అంత తగ్గుతుంది.

పాత అంబాసిడర్లలోని 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో మరొక చిత్రం ఉంది. గాలి లోపలికి పోయే దారీ, కాలిన పొగ బయటికి వచ్చే దారీ ఒకే పక్కన ఉంటాయి. పొయ్యి పక్కన కూర్చుని విసనకర్ర విసురుకున్నట్టన్నమాట! అందుకే గొట్టం ఒక్కటే చాలదు. పొగ వెళ్ళే ఇనుప గొట్టాల సెగ తగలకుండా మధ్యలో రేకు అడ్డం కట్టాలి. పాత నూనె డబ్బా రేకు అయినా పనికివస్తుంది. ప్లాస్టిక్ గొట్టం మాత్రం అక్కడ వద్దు, మెత్తబడి ముడుచుకుపోతుంది. గొట్టం మూతిని ముందున్న జాలీ వెనుక, హెడ్‌లైటు ఎత్తున ఉంచి, రెండో చివరను ఎయిర్ ఫిల్టరు డబ్బాకు కలపాలి. ఈ పని తెలిసిన మెకానిక్కే చేయాలి సుమా.

గొట్టం ఎంత లావుండాలి? ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకు ఒకసారి 1489 ఘన సెంటీమీటర్ల గాలి చొప్పున, సెకనుకు 37 లీటర్లు కావాలి. గొట్టం వ్యాసం 5 సెంటీమీటర్లయితే గాలి అందులో సెకనుకు 19 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. రెండున్నర సెంటీమీటర్లే అయితే, 76 మీటర్లు! తోటలకు నీళ్ళు పెట్టే సన్నని రబ్బరు గొట్టం తగిలిస్తే ఇంజనుకు ముక్కు మూసినట్టే. చల్లదనంతో వచ్చిన లాభం అక్కడే పోతుంది.

"కారు వేగానికి గాలి దూసుకొచ్చి లోపల నిండిపోతుంది కదా" అనేవారున్నారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అలా పెరిగే పీడనం, వాతావరణ పీడనంలో ఆరువందలో వంతు మాత్రమే. దాన్ని నమ్ముకోవద్దు. పెట్రోలు ఆదా అవుతుందన్న మాట కూడా అంతే. యాక్సిలరేటరు సగమే తొక్కినప్పుడు కార్బురేటరులోని తలుపే గాలిని అడ్డుతుంది. అప్పుడు గాలి చిక్కనైతే డ్రైవరు పాదం కొంచెం తేలిక చేస్తాడు, అంతే. ఆ 9 వంతుల్లో ఏ కాస్తయినా దక్కేది నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడే.

మండుటెండలో పాత కార్లు దారిలో నిలిచిపోవడం చూశారా? చాలాసార్లు దానికి కారణం వేరు. వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరై బుడగలు కడుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసే డ్రైవర్లు ఆ జబ్బుకే మందు వేస్తున్నారు. మన గొట్టం దాన్ని నయం చేయదు.

ఇక ఫిల్టరు సంగతి. గాలి బాగా ఆడుతుందని దాన్ని తీసేస్తే, పిడుగురాళ్ళ వైపు సున్నపు దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోయి గోడలను ఆకురాయిలా అరగదీస్తుంది. గొట్టం మూతిని బంపరు కిందికి దించినా ప్రమాదమే. వాగు దాటేటప్పుడు ఇంజను గాలికి బదులు నీళ్ళు పీల్చుకుంటుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. పైకి వస్తున్న పిస్టన్ అక్కడే ఆగిపోతే దాన్ని నెట్టే ఇనుప కడ్డీ వంగిపోతుంది.