పంచాయతీ టెలివిజనునకు సెల్‌ఫోను నుండి ఇంటర్నెట్టు

గ్రామ పంచాయతీ కార్యాలయములలోను, పాఠశాలలలోను స్మార్ట్ టెలివిజను గోడకు అమర్చబడియుండుట నేడు విశేషము కాదు. కాని కొన్నిచోట్ల ఆ పెట్టెకు విద్యుత్తు కలదు, ఇంటర్నెట్టు లేదు. తీగ ఇంకను రాలేదనియో, వచ్చినది తెగిపోయినదనియో చెప్పి దానిపై గుడ్డ కప్పి యుంచుచున్నారు. అట్టి గ్రామములలో సభ్యుల జేబులోనే ఇంటర్నెట్టు ఉన్నదనియు, దానిని టెలివిజనునకు అందించుటకు వేరొక పరికరము కొననక్కరలేదనియు తెలుపుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము. కలుపుట పది నిమిషముల పని. అయితే గ్రామసభ నడుచుచుండగా బొమ్మ ఆగిపోకుండుటకు ముందుగా చూచుకొనవలసిన లెక్క యొకటి కలదు. ఎవరి ఫోనును ఇందుకు వాడరాదన్న విషయము మరియొకటి కలదు. ఈ రెండింటిని గూర్చియే ఎక్కువగా చెప్పదలచితిమి.

పంచాయతీలకు ఫైబరు తీగ వేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించినది. అదియే తరువాత భారత్‌నెట్ అను పేర నడచుచున్నది. ఆ తీగ వచ్చి పనిచేయుచున్న పంచాయతీ దానినే వాడుకొనుట మేలు; దీర్ఘకాలమునకు అదియే చవుక, అదియే నిలుకడ. ఫోను రెండవ దారి మాత్రమే. కాని గ్రామసభ తేదీ దగ్గర పడినప్పుడు రెండవ దారి తెలిసియుండుట అవసరము.

ఊరుమ్మడి టెలివిజను మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఒక యేడాది కాలము, ఉపగ్రహము ద్వారా గ్రామములకు నేరుగా కార్యక్రమములను అందించు ప్రయోగము దేశములో జరిగినది. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములందు టెలివిజను పెట్టెలు ఉంచబడినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సుమారు పదియడుగుల వెడల్పు గల వలకంచె తీగ గొడుగును ఆకాశము వైపు త్రిప్పి నిలిపి, ఊరివారందరు ఒక్క పెట్టె ముందు కూర్చుండి వ్యవసాయము, ఆరోగ్యము మొదలగు విషయములపై తెలుగు కార్యక్రమములను చూచిరి. నాటి పెట్టె పంపినదానినే చూపెడిది. నేటి పెట్టె మనము అడిగినదానిని చూపును. ఆ అడుగుటకే దానికి ఇంటర్నెట్టు కావలసియున్నది.

ఇక హాట్‌స్పాట్ అనగా నేమి? సెల్‌ఫోను టవరు నుండి ఇంటర్నెట్టును అందుకొనుచున్నది గదా. అట్లు అందుకొన్నదానిని తాను వాడుకొనుటయే గాక, చుట్టుప్రక్కల నున్న ఇతర పరికరములకు వైఫై రూపమున పంచిపెట్టుటయే హాట్‌స్పాట్. కనుక ఇందులో రెండు లంకెలు కలవు: టవరు నుండి ఫోనునకు ఒకటి, ఫోను నుండి టెలివిజనునకు ఒకటి. కాలువకును పొలమునకును మధ్య నున్న పంటబోదె ఎంత చక్కగా త్రవ్వియున్నను, కాలువలో నీరు లేనిచో పొలము తడవదు. అట్లే టెలివిజను తెరపై వైఫై గుర్తు నిండుగా కనిపించినంత మాత్రమున ఇంటర్నెట్టు వచ్చుచున్నదని తలపరాదు. ఆ గుర్తు బోదె సంగతి చెప్పును గాని కాలువ సంగతి చెప్పదు. ఈ ఒక్క విషయము మనస్సున నున్నచో ఎక్కడ చిక్కు వచ్చినను దానిని కనుగొనుట సులభము.

కలుపు విధమిది. ఆండ్రాయిడ్ ఫోనులో మొదట మొబైల్ డేటా నడచుచున్నదో లేదో చూచి, సెట్టింగులలో నెట్‌వర్క్ విభాగమున 'హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్' అను దానిని తెరువవలెను. అందు 'వైఫై హాట్‌స్పాట్' కలదు. కంపెనీని బట్టి ఈ పేర్లు కొంచెము మారవచ్చును. అందులో హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డు రెండును మనకు వలసినట్లు పెట్టుకొనవచ్చును. పాస్‌వర్డు ఎనిమిది అక్షరములకు తక్కువ కారాదు. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరములు వేరువేరుగా లెక్కించబడును గనుక ఒక కాగితముపై స్పష్టముగా వ్రాసికొనుట మంచిది. రిమోటుతో ఒక్కొక్క అక్షరమును నొక్కునపుడు తప్పులు దొరలుట సహజము. ఐఫోనులో 'పర్సనల్ హాట్‌స్పాట్' అను చోట 'అలౌ అదర్స్ టు జాయిన్' అనునది నడుపవలెను. టెలివిజను కలియు వరకు ఆ తెరను మూయక యుంచవలెను.

తరువాత రిమోటు చేతబట్టి టెలివిజను సెట్టింగులలో నెట్‌వర్క్ లేక వైఫై అను చోటికి పోయి, కనిపించు పేర్లలో మన హాట్‌స్పాట్ పేరును ఎన్నుకొని పాస్‌వర్డును ఇవ్వవలెను. 'కనెక్టెడ్' అని వచ్చినచో మొదటి లంకె పడినట్లే. ఏదైన ఒక వీడియోను తెరచి చూచినగాని రెండవ లంకె సంగతి తెలియదు.

హాట్‌స్పాట్ పేరే టెలివిజనులో కనిపింపని సందర్భము తరచుగా వచ్చును. వైఫై రెండు తరంగ శ్రేణులలో నడచును: 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ మరియొకటి. రెండవది వేగమైనది, కాని గోడలను దాటుటలో బలహీనము. తక్కువ వెల గల టెలివిజన్లలోను, పాతవానిలోను కొన్ని మొదటిదానిని మాత్రమే గ్రహింపగలవు. ఫోను 5 శ్రేణిలో పంచుచున్నచో అట్టి టెలివిజనునకు అది లేనట్లే. హాట్‌స్పాట్ సెట్టింగులలో శ్రేణిని 2.4 నకు మార్చిన వెంటనే పేరు కనిపించును. క్రొత్త ఐఫోనులలో ఇందుకు 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' అను మీట కలదు. పేరు కనిపించి, పాస్‌వర్డు సరిగా ఇచ్చినను కలియనిచో, ఫోనులో భద్రతా విధానము డబ్ల్యుపిఏ3 గా ఉన్నదేమో చూచి డబ్ల్యుపిఏ2 నకు మార్చవలెను.

పేరు కలిసి, బొమ్మ రానిచో కాలువ వైపు చూడవలెను. ముందు ఆ ఫోనులోనే ఒక వీడియో నడచుచున్నదా? నడువనిచో టెలివిజనును తప్పుపట్టి లాభము లేదు. సిగ్నలు గాని, డేటా గాని అయిపోయియుండును. ఫోనులో నడచి టెలివిజనులో నడువనిచో, టెలివిజను గడియారమును చూడుడు. చాల దినములు మూలబడిన పెట్టెలో తేదీ తప్పుగా నుండవచ్చును. తేదీ తప్పైనచో, ఎదుటి వారి ధ్రువపత్రములు చెల్లవని యెంచి పెట్టె కార్యక్రమములను తెరువ నిరాకరించును. ఇది వినుటకు వింతగా నుండును గాని, గంటలకొలది తల బ్రద్దలు కొట్టుకొనుటకంటె తేదీ సరిచేయుట తేలిక.

ఫోనును ఎక్కడ ఉంచవలెను? టవరు సిగ్నలు బాగుగా అందు కిటికీ యొద్ద, టెలివిజనున్న గదిలోనే ఉంచవలెను. బీరువాలో గాని, జేబులో గాని పెట్టుకొని వరండాలోకి నడువరాదు. హాట్‌స్పాట్ నడచుచున్నప్పుడు ఫోను వేడెక్కును, బ్యాటరీ త్వరగా దిగిపోవును. ఎండ తగులని చోట చార్జరు తగిలించి యుంచవలెను. ఏ పరికరమును కలియక కొంతసేపు ఊరకున్నచో హాట్‌స్పాట్ తనంత తానే ఆగిపోవు ఏర్పాటు పలు ఫోనులలో ఉన్నది. కనుక ప్రొద్దుననే కలిపి చూచి, సభవేళకు అట్లే ఉండునని నమ్మరాదు.

ఇప్పుడు లెక్క. డేటాను మనము జీబీలలో కొనుచున్నాము, వీడియో వేగమును మెగాబిట్లలో చెప్పుచున్నారు. ఎనిమిది బిట్లు కలిసి ఒక బైటు. 720 గీతల బొమ్మ సెకనుకు సుమారు రెండున్నర మెగాబిట్లు తీసికొనుననుకొందము. గంటకు 3,600 సెకనులు. గుణించి ఎనిమిదిచే భాగించినచో గంటకు 1,125 మెగాబైట్లు, అనగా ఒక జీబీకి కొంచెము పైన. దినమునకు 1.5 జీబీ చొప్పున ఇచ్చు పథకమున్న ఫోనుతో గ్రామసభ ప్రారంభించినచో, ఒక గంట ఇరువది నిమిషములకు డేటా చెల్లిపోవును. ఆపైన పలు పథకములలో వేగము సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోవును; ఆ వేగమున అక్షరములు మెల్లగా రావచ్చునేమో గాని బొమ్మ కదలదు. అదే 1080 గీతల బొమ్మయై సెకనుకు ఐదు మెగాబిట్లు తీసికొన్నచో నలువది నిమిషములే. 480 గీతల బొమ్మకు సెకనుకు 1.2 మెగాబిట్లు వేసికొన్నచో రెండు గంటల ముప్పావు వచ్చును. ఈ సంఖ్యలు వీడియోను బట్టి కొంత హెచ్చుతగ్గులగును గాని, నిష్పత్తి ఇదియే.

టెలివిజను పెద్దది గనుక తనంత తాను పెద్ద బొమ్మనే కోరును. సిగ్నలు బాగున్నచో మన డేటాను అడుగక తీసికొనును. అందువలన యూట్యూబులో వీడియో నడచుచున్నపుడు పళ్లచక్రము గుర్తును నొక్కి, 'క్వాలిటీ' అను చోట 480 గాని 720 గాని ఎన్నుకొనవలెను. ప్రతి వీడియోకును ఇది ఒకసారి చూచుకొనుట మంచిది. నలుబదిమంది దూరముగా కూర్చుండి చూచునపుడు 480 నకును 1080 నకును గల భేదము కంటికి అంతగా తెలియదు. మాట స్పష్టముగా వినబడుట ముఖ్యము. అంతేగాక, చిరకాలము తరువాత ఇంటర్నెట్టు తగిలిన టెలివిజను, సందు దొరికినదే చాలునని తన సాఫ్ట్‌వేరును దించుకొన మొదలిడును. సభ ముందురోజుననే ఆటోమేటిక్ అప్‌డేటును నిలిపివేయవలెను.

ఇంటర్నెట్టు అక్కరలేని పనికి ఇంటర్నెట్టు వాడుట వ్యర్థము. మన ఊరి చెరువు గట్టును, మురుగు కాలువను ఫోనుతో తీసిన చిత్రములను పెన్‌డ్రైవులోనికి ఎక్కించి టెలివిజను వెనుక నున్న యూఎస్‌బీ రంధ్రమున పెట్టినచో, డేటా యేమియు ఖర్చు కాకయే అవి తెరపై కనిపించును.

ఎవరి ఫోను వాడవలెనను ప్రశ్న వచ్చినపుడు సాధారణముగా పంచాయతీ కార్యదర్శి ఫోనో, సర్పంచి ఫోనో ముందుకు వచ్చును. ఇది మాకు సమ్మతము కాదు. హాట్‌స్పాట్‌లో చేరినంత మాత్రమున ఇతరులు ఫోనులోని సందేశములను చదువగలరని భయపడనక్కరలేదు. వారికి లభించునది ఇంటర్నెట్టు మాత్రమే. చిక్కు మరి రెండు చోట్ల ఉన్నది. మొదటిది, పాస్‌వర్డు ఒకసారి పదిమందికి తెలిసినచో కార్యాలయము బయట అరుగుపై కూర్చున్నవారును దానిని వాడుకొందురు. డేటా పోవుట అటుంచి, ఆ దారిన ఎవరైన చేయరాని పని చేసినచో విచారణ మొదట వచ్చునది ఆ సిమ్ము ఎవరి పేర ఉన్నదో వారి యొద్దకే. రెండవది, ఫోను తెరనే టెలివిజనుపై చూపించు ఏర్పాటు. ఇది చాల ఉపయోగకరము, చాల ప్రమాదకరము. ఆ సమయమున ఫోనునకు వచ్చు ప్రతి సందేశమును తెరపై ఊరంతయు చూచును. పంచాయతీ లెక్కల ప్రవేశములకు, బ్యాంకు పనులకు ఓటీపీలు ఆ ఫోనునకే వచ్చుచుండును గదా! కుటుంబ విషయములు బయటపడుట కూడ సభ్యతకు భంగకరమే.

కావున పంచాయతీ పనులకు, బ్యాంకునకు సంబంధము లేని ఒక ఫోనును, ఒక సిమ్మును ఇందుకు ప్రత్యేకించుట ఉత్తమము. క్రొత్తది కొనవలెనని కాదు. మూలబడిన 4జి ఫోను చాలును. అది ఎవరి ఆధీనమున నున్నదో, ఎన్నడు ఎంత రీచార్జి చేయించినదో పుస్తకములో వ్రాసియుంచవలెను. తెరను చూపవలసినపుడు వేరొక ఫోనును అదే హాట్‌స్పాట్‌లో చేర్చి, దానిలో సందేశముల ప్రకటనలను ఆపి, దానినుండి చూపుట మంచిది. పంచుపని యొక ఫోనుది, చూపుపని యొక ఫోనుది అయినచో రెంటికిని భారము తగ్గును. టెలివిజను మొదట గూగుల్ ఖాతా అడిగినను ఎవరి సొంత ఖాతాను ఇవ్వరాదు. ఖాతా లేకయే యూట్యూబు చూడవచ్చును.

ఇంత శ్రమ ఎందులకు? సినిమాల కొరకైనచో ఇంత వ్రాయనక్కరలేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ వేదికలో పంచాయతీల ప్రణాళికలు, పనులు, వ్యయ వివరములు ఉంచబడుచున్నవి. వానిని ఎవరైనను తెరచి చూడవచ్చును. చూడవచ్చునన్న మాట నిజమే గాని, చిన్న ఫోనుపై ఆ పట్టికలను ఎందరు చూచుచున్నారు? గ్రామసభలో అదే పట్టికను పెద్ద తెరపై నిలిపి, ఏ వీధి రోడ్డునకు ఎంత కేటాయించినది, ఎంత ఖర్చు వ్రాసినది అని ఒకరు వరుసగా తెలుగులో చదివి చెప్పినచో, చదువురాని వృద్ధురాలు కూడ మా వీధిలో ఆ పని జరిగినదా, జరుగలేదా అని లేచి అడుగగలదు. ఇట్టి ప్రశ్న కొందరు సభ్యులకు రుచింపకపోవచ్చును. గ్రామసభ యున్నది అందులకే. పట్టికకు డేటా కూడ మిక్కిలి స్వల్పము; వీడియోతో పోల్చిన లెక్కలోనిది కాదు. టెలివిజనులోని బ్రౌజరుతో రిమోటు నొక్కుచు పట్టికలను వెదకుట సభ సహనమును పరీక్షించును గనుక, రెండవ ఫోనులో ముందే ఆ పుటను తెరచి యుంచుకొని దాని తెరను చూపవలెను. కరెంటు పోవు గ్రామములలో ముఖ్యమైన అంకెలను కాగితముపై కూడ వ్రాసియుంచుట తప్పదు.

సభ ముగిసిన పిమ్మట హాట్‌స్పాట్‌ను ఆపివేసి, టెలివిజను వైఫై జాబితాలో మన పేరు వద్ద 'ఫర్‌గెట్' అని నొక్కి దానిని తీసివేయవలెను. పాస్‌వర్డు ఎక్కువమందికి తెలిసియున్నచో ఆ రోజే మార్చవలెను. ఫోను సెట్టింగులలో డేటా వాడకము చూపు చోట ఆ దినమున ఎన్ని జీబీలు ఖర్చయినదో కనిపించును. ఆ అంకెను తేదీతో సహా రీచార్జి పుస్తకములోనే వ్రాసినచో, రెండు మూడు సభల తరువాత తమ గ్రామమునకు ఎంత పథకము చాలునో సభ్యులకే తెలియును.