హీరోగారికి షూటింగ్ డేటుంది... మరి మనకో?

తెర మీద హీరో చొక్కా విప్పాడు... హాలంతా ఈలలు, చప్పట్లు! కాగితం ముక్కలు గాల్లోకి లేచాయి. ఆట వదిలాక బయటికొచ్చే కుర్రాళ్లను ఓసారి గమనించండి. పదిమందిలో ఇద్దరైనా తమ పొట్ట వంక చూసుకుని, చొక్కా కిందికి లాక్కుని, "రేపటి సంది మనం గూడ షురూ జెయ్యాలె రా!" అంటారు.

అన్నట్టుగానే మర్నాడు అయిదింటికి అలారం మోగుతుంది. బెల్లంపల్లి తిలక్ మైదానంలో కొత్త బూట్లు తళతళలాడతాయి. మొదటి వారం ఒకటే హుషారు! రెండో వారంలో "చలి పెడుతున్నది బై, రేపు పోదాం" అన్న మాట మొదలవుతుంది. మూడో వారానికి బూట్లు మంచం కిందికి, కుర్రాడు మంచం మీదికి!

ఎందుకిలా అవుతుంది? కుర్రాడికి పట్టుదల లేదనడం చాలా తేలిక. పెద్దలందరూ అనే మాటే అది. ఈ వ్యాసకర్తకు మాత్రం ఆ మాట మీద నమ్మకం లేదు. తెర మీద కండలు చూపించినవాళ్ల కథలు కాస్త తరచి చూస్తే, వాళ్లకీ పట్టుదల ఒక్కటే సరిపోలేదని తెలుస్తుంది.

ముందు లావు... తర్వాత కండలు!

జూనియర్ ఎన్టీఆర్ సంగతే తీసుకోండి. 2006 డిసెంబరులో వచ్చిన "రాఖీ"లో ఆయన ఎంత బొద్దుగా ఉండేవారో అభిమానులకు గుర్తే. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2007 ఆగస్టులో "యమదొంగ" విడుదలైంది. తెర మీదకొచ్చిన మనిషి ఆయనేనా అని అభిమానులే కళ్లు నులుముకున్నారు! ఒళ్లు తగ్గాల్సిందేనని పట్టుబట్టింది దర్శకుడు రాజమౌళి. ఆ సంగతి ఎన్టీఆర్ ఎన్నడూ దాచుకోలేదు. పదకొండేళ్ల తర్వాత, 2018లో, "అరవింద సమేత" కోసం మళ్లీ కండలు పెంచాల్సి వచ్చినప్పుడు లాయిడ్ స్టీవెన్స్ అనే శిక్షకుడు దగ్గరుండి చేయించాడు. అంటే ఏమిటన్నమాట? ఎదురుగా ఒక తేదీ, వెనక ఒక దర్శకుడు, పక్కన ఒక శిక్షకుడు!

భీమవరం సునీల్ కథ ఇంకా ముచ్చటైనది. బొద్దుగా ఉండి నవ్వించడమే ఆయన బతుకుతెరువు. అలాంటి మనిషి 2010లో "మర్యాద రామన్న"తో హీరోగా మెప్పించి, 2012లో "పూలరంగడు"లో చొక్కా విప్పి ఆరు పలకల పొట్ట చూపించేసరికి జనం నోళ్లు వెళ్లబెట్టారు. హాస్యనటుడి చొక్కాకు అన్ని ఈలలు పడడం అదే మొదలేమో! తర్వాత ఆయన మళ్లీ హాస్య పాత్రలకూ, ప్రతినాయకుడి పాత్రలకూ వచ్చేశారు. ఆ పొట్ట చిరకాలం అలాగే ఉండాలని ఎవరూ అడగలేదు కూడా. ఆ పాత్ర అడిగింది, ఇచ్చారు... అంతే.

అందరికంటే తెలివిగా లెక్క వేసింది మాత్రం అమీర్ ఖాన్. 2016 నాటి "దంగల్"లో ఆయన పడుచు పహిల్వాన్‌గానూ, పొట్ట పెరిగిన తండ్రిగానూ కనిపించాలి. ఏది ముందు తీయాలి? కండలున్న వేషం ముందు తీసేసి తర్వాత లావెక్కడం సులువే. కానీ ఆయన అలా వద్దన్నారు. లావు వేషం ముందు తీయించి, మళ్లీ సన్నబడ్డాక పడుచు వేషం తీయించారు. కారణం ఆయనే చెప్పారు: లావు వేషంతో సినిమా ముగిసిపోతే, ఆ తర్వాత తగ్గడానికి తనకు ఉత్సాహం ఉండదట! 97 కిలోల దాకా పెరిగిన మనిషి, ఎదురుగా షూటింగు ఉంది గనక దిగివచ్చాడు. అంత పేరు, అంత డబ్బు, అంత క్రమశిక్షణ ఉన్న నటుడే తన మనసును నమ్ముకోలేదు. షూటింగు తేదీని నమ్ముకున్నాడు!

అనుష్క, ఆర్తి... ఒకే సంవత్సరం

ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో నడిచినవారు అనుష్క. 2015 నవంబరులో వచ్చిన "సైజ్ జీరో" కోసం, నటనకు నిజం రావాలని, కృత్రిమమైన హంగులు వద్దనుకుని నిజంగానే లావెక్కారు. సినిమాల్లోకి రాకముందు ఆమె యోగా నేర్పిన మనిషి! ఒంటి సంగతి ఆమెకు తెలియనిదా? అయినా ఎక్కినంత సులువుగా దిగలేదని ఆ తర్వాతి సంవత్సరాల్లో అందరూ చూశారు. సినిమా కూడా ఆడలేదు. తమాషా ఏమిటంటే, ఆ సినిమా కథ నాలుగు రోజుల్లో సన్నబరుస్తామని జనాన్ని మోసం చేసే సంస్థ మీదే!

అదే సంవత్సరం జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో ఆర్తి అగర్వాల్ చనిపోయారు. "నువ్వు నాకు నచ్చావ్", "ఇంద్ర" చూసినవాళ్లెవరూ ఆ ముఖాన్ని మరిచిపోరు. వయసు 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందు ఒంట్లో కొవ్వు తీయించే శస్త్రచికిత్స చేయించుకున్నారని పత్రికల్లో వచ్చింది. లావైన హీరోయిన్ గురించి ఈ పరిశ్రమలోనూ, మన హాళ్లలోనూ ఎన్ని మాటలంటారో తెలియని సంగతేం కాదు. హీరో లావైతే "మాస్" అంటాం, హీరోయిన్ లావైతే "ఆంటీ" అంటాం! సిగ్గుతో తగ్గాలనుకున్న మనిషి త్వరగా తగ్గాలనుకుంటుంది. త్వరగా తగ్గించే దారుల్లోనే ప్రమాదాలున్నాయి. జిమ్ములో ఎవరో ఇచ్చిన పేరు తెలియని పొడులూ, ఇంజెక్షన్లూ వాడే కుర్రాళ్లు కూడా ఈ ముక్క చదవాలి. వారానికి అరకిలో, మహా అయితే కిలో... అంతకంటే తొందర వద్దని డాక్టర్లు చెబుతారు.

తట్టా చెమ్మస్ నుంచి టచ్ ఫోను దాకా

ఇప్పుడు మన ఊరి సంగతి. సన్నబడడం అనే గొడవ బెల్లంపల్లికి కొత్త. 1920ల చివర్లో బొగ్గు తవ్వకం మొదలైన ఊరిది. బాయిలోకి దిగి, చీకట్లో చాలా దూరం నడిచి, చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి, తట్ట మోసి టబ్బులు నింపిన ఫిల్లర్లకు వ్యాయామం అన్న మాటే అక్కర్లేదు. టన్నుల లెక్కన ఎత్తేవాళ్లు! కంచం నిండా అన్నం, ఆదివారం మాంసం, సాయంత్రం కల్లు... ఎంత తిన్నా మర్నాటి షిఫ్టులో హరించుకుపోయేది. ఆ పని ఒంటికి మేలు చేసిందని ఎవరూ పొరబడకండి. నడుములు పోయినవాళ్లూ, ఊపిరితిత్తులు పాడైనవాళ్లూ ప్రతి వాడలోనూ ఉన్నారు. పొట్ట మాత్రం ఎవరికీ లేదు.

తర్వాత యంత్రాలు వచ్చాయి. ఊళ్లోని పాత గనులు ఒకటొకటిగా మూతబడ్డాయి. తాత పని పోయింది గానీ తాత కంచం ఇంకా అలాగే ఉంది! మనవడు అదే కొలత అన్నం తిని, బండి మీద కాంటా చౌరస్తా దాకా పోయి, మిర్చి బజ్జీలు తిని, తిరిగొచ్చి ఫోను పట్టుకుంటాడు. (చౌరస్తాకే కాంటా అని పేరున్న ఊళ్లో బరువు చూసుకునే అలవాటు లేకపోవడం విడ్డూరమే!) ఇది అందానికి సంబంధించిన గొడవైతే ఇన్ని మాటలు అక్కర్లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. పాతికేళ్లకే పొట్ట పెరిగిన కుర్రాడు ఆ వరసలోకి నడుస్తున్నట్టే.

మరి బెల్లంపల్లిలో ఉత్సాహం ఆగిపోకుండా పరుగెత్తేవాళ్లే లేరా? ఎందుకు లేరు! పోలీసు ఉద్యోగాల కాలంలో తెల్లవారుజామున ఏ మైదానానికైనా వెళ్లి చూడండి. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. మగవాళ్ల పరుగంటే 400 మీటర్ల మైదానానికి నాలుగు చుట్లు, చుట్టుకు సుమారు నిమిషం 48 సెకన్లు. సింగరేణి సేవా సమితి కూడా కోల్‌బెల్ట్ యువతకు ఇలాంటి శిక్షణ ఇచ్చింది. చలికీ, వానకీ ఆగని పరుగు అది. అక్కడెవరూ అద్దంలో పొట్ట చూసుకోరు, గడియారం చూసుకుంటారు. పక్కన స్నేహితుడు ముందుకు పోతుంటే ఆగబుద్ధి కాదు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఉద్యోగం కోసం చూస్తుంటారు. ఆర్నెల్లలో పది కిలోలు పోయాయని కూడా వాడికి తెలీదు, బెల్టుకు కొత్త బెజ్జం వేసుకున్నప్పుడు తప్ప!

కానీ ఫలితాలు వచ్చాక చూడండి. ఉద్యోగం వచ్చినవాడు శిక్షణ ముగిశాక మానేస్తాడు. రానివాడు దిగులుతో మర్నాడే మానేస్తాడు. సునీల్ పొట్ట సంగతే ఇక్కడా! తేదీ మనిషిని పరుగెత్తిస్తుంది, ఆ తేదీ దాటిపోతే చెయ్యి వదిలేస్తుంది. అందుకని ఆ తేదీ రాకముందే పరుగును అలవాటు కింద మార్చుకోవాలి.

అరవై ఆరు రోజులు

అలవాటు అంటే ఎన్నాళ్లు? 21 రోజులని ఊరంతా చెబుతారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద పరిశోధన చేసి 2010లో ప్రచురించారు. కొత్త పని ఆలోచించకుండా జరిగిపోయే దశకు రావడానికి సగటున 66 రోజులు పట్టిందట. ఒకరికి 18 రోజులైతే మరొకరికి 254 రోజుల లెక్క తేలింది! నీళ్లు తాగే అలవాటు త్వరగా పట్టుబడింది, వ్యాయామం ఆలస్యంగా. అన్నిటికంటే మంచి కబురు ఇంకొకటుంది. మధ్యలో ఒక్కరోజు తప్పితే ఏమీ కొంప మునగలేదట. మన కుర్రాళ్లు మాత్రం ఒక్కరోజు తప్పగానే "ఇగ అయిపాయె" అని మొత్తం ఎత్తేస్తారు.

ఇంకో చిక్కు కాంటా దగ్గర వస్తుంది. పదిరోజులు నడిచి బరువు చూసుకుంటే ముల్లు కదలదు. కదలదు మరి! 65 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 120 నుంచి 150 కేలరీలు. రెండు మిర్చి బజ్జీలకు అది చెల్లుకు చెల్లు. కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల దాకా లోటు పడాలి. అందుకే బరువు తగ్గడానికి కంచం, గుండెకూ కండకూ నడక అనుకోవాలి. కంచం అంటే కడుపు మాడ్చుకోవడం కాదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పో, కూరో, గుడ్డో పెంచుకోవడం. అమ్మతో ఈ మాట చెప్పడం పరుగు కంటే కష్టం, ఒప్పుకుంటాను! "ఏమైంది బిడ్డా, కూర మంచిగ లేదా?" అంటుంది. డైటింగ్ అని చెప్పకండి. కూర ఇంకొంచెం వెయ్యమనండి, అన్నం దానంతటదే తగ్గుతుంది.

నడకకు ఒక మనిషిని పట్టుకోండి. గేటు ముందు నిలబడి పేరు పెట్టి పిలిచేవాడుంటే పడుకోవడానికి మొహం చెల్లదు. ఎన్టీఆర్‌కు శిక్షకుడు చేసిన పనిలో సగం ఇదే. దీనికి డబ్బు అక్కర్లేదు. తేదీ కూడా మనమే పెట్టుకోవచ్చు. శివరాత్రికి కన్నాల అడవిలోని బుగ్గ రాజరాజేశ్వరుడి గుడికి నడిచిపోవాలని సంక్రాంతినాడే అనుకున్నవాడికి మధ్యలో వారాలు ఊరికే పోవు. అది దాటాక ఇంకోటి. అమీర్ ఖాన్ లెక్కే, కాకపోతే నిర్మాత మనమే!

ఆడపిల్లల సంగతి వేరు. చీకటిలో మైదానానికి పంపడానికి ఇంట్లో భయం, వెలుతురొచ్చాక పోతే చూసేవాళ్ల మాటలు. "పట్టుదల ఉండాలమ్మా" అని వాళ్లకు చెప్పడం అన్యాయం. నలుగురైదుగురు కలిసి పోవడం ఒక దారి. ఉత్సాహం గురించి నిజానికి వాళ్లే మనకు నేర్పాలి. బతుకమ్మ తొమ్మిది రోజులూ, పగలంతా పని చేసిన ఆడవాళ్లు రాత్రి గంటల తరబడి వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఒక్కరైనా "ఇవాళ బద్ధకంగా ఉంది" అనగా విన్నారా? పాట ఉంది, తోడు ఉంది, రోజు ఉంది. అందులో వ్యాయామం అన్న పేరే లేదు!

పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు. నాలుగు నిమిషాల పాటలు అయిదు పెట్టుకుని, గది తలుపేసి, ఊపిరి అందనంతగా ఆడితే ఇరవై నిమిషాలు. ఆరో పాట మీ అభిమాన హీరోది పెట్టుకోండి, లెక్క సరిపోతుంది.