అమ్మకో నాన్నకో పేగు క్యాన్సర్ అని తెలిస్తే

పెద్దపేగు సుమారు ఐదడుగుల పొడవుండే గొట్టం. దాని చివరి భాగం పురీషనాళం. ఈ రెండింటిలో ఎక్కడ పుట్టినా మామూలు మాటల్లో పేగు క్యాన్సర్ అనే అంటారు. ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 19 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది. చాలావరకు ఇది పేగు లోపలి పొర మీద లేచే పాలిప్ అనే చిన్న కండతో మొదలవుతుంది. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ల దాకా పట్టవచ్చు.

జబ్బు ఇంత నెమ్మదిగా పెరిగినా ఇంట్లోవాళ్లకు మాత్రం హఠాత్తుగానే తెలుస్తుంది. మలంలో రక్తం పడితే మొలలనీ, నీరసం వస్తే వయసు మీదపడిందనీ, మోషన్ సరిగా కాకపోతే తిండి పడలేదనీ సరిపెట్టుకుంటారు. పేగు కుడివైపు గడ్డ ఉంటే కంటికి కనబడకుండా రక్తం కొద్దికొద్దిగా పోయి చివరికి రక్తహీనతగా బయటపడుతుంది. ఎడమవైపు ఉంటే దారి మూసుకుపోయి, కడుపు ఉబ్బి, వాంతులతో అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. రెండో తరహా కుటుంబాలకు ఆలోచించుకునే వ్యవధి ఉండదు. మిగతావారికి కొంత ఉంటుంది. ఆ వ్యవధిని వాడుకోవడంలోనే పిల్లల సాయం మొదలవుతుంది.

మొదటి రెండు మూడు వారాలు

కొలనోస్కోపీలో గడ్డ కనబడితే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఛాతీకి, కడుపుకి సీటీ స్కాన్ తీస్తారు. రక్తంలో సీఈఏ అనే క్యాన్సర్ సూచిక పరీక్ష చేస్తారు. గడ్డ పురీషనాళంలో ఉంటే ఎంఆర్ఐ కూడా అవసరం. అక్కడి గడ్డలకు చాలాసార్లు ఆపరేషన్‌కు ముందే రేడియేషన్, కీమోథెరపీ ఇస్తారు. పేగు మూసుకుపోవడం, చిల్లు పడడం, ఆగకుండా రక్తం పోవడం వంటి ప్రమాదాలు లేనప్పుడు ఈ పరీక్షలకు, రెండో డాక్టరు అభిప్రాయానికి రెండు మూడు వారాలు పట్టినా సాధారణంగా నష్టం ఉండదు.

గడ్డ పేగు గోడలోనే ఉంటే మొదటి స్టేజీ. గోడ దాటి బయటికి వచ్చినా లింఫు గ్రంథులకు చేరకపోతే రెండోది. దగ్గరి గ్రంథులకు చేరితే మూడోది. కాలేయం, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు పాకితే నాలుగోది. నాలుగో స్టేజీ అన్నంత మాత్రాన దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. కాలేయంలో గడ్డలు కొద్దిగానే ఉంటే వాటినీ తీసి నయం చేయడానికి కొందరిలో వీలుంటుంది.

ఈ మొదటి వారాల్లో పిల్లలు చేయగలిగిన గొప్ప సాయం రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టడం, డాక్టరుతో మాట్లాడే బాధ్యత ఒక్కరికే అప్పగించడం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తలో మాట అడిగి తలో అర్థం చెప్తే పెద్దవాళ్లు కంగారు పడతారు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు ఆ ఒక్కరి ద్వారానే ప్రశ్నలు పంపడం మంచిది. రోజూ వేసుకునే మందుల చీటీ కూడా ఆ ఫైలులో ఉండాలి. రక్తం పలుచబడే మందులు, షుగర్ మాత్రలు, నాటు మందులు, ఏవీ దాచకూడదు. కొన్నిటిని ఆపరేషన్‌కు ముందే ఆపాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

చెప్పాలా, వద్దా?

'నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి, తట్టుకోలేరు' అని డాక్టరును గది బయట పట్టుకుని బతిమాలే కుటుంబాలు మనలో ఎక్కువ. ప్రేమతోనే అలా అడుగుతారు. కానీ ఆ దాపరికం నిలవదు. వార్డు పేరు, పక్క మంచం వాళ్ల మాటలు, చూడవచ్చిన బంధువుల కన్నీళ్లు ఏదో ఒకటి నిజం చెప్పేస్తుంది. అప్పుడు పెద్దవాళ్లు జబ్బుతో పాటు ఒంటరితనాన్ని కూడా మోయాలి.

చట్టం కూడా రోగి పక్షానే ఉంది. స్పృహలోకి వచ్చాక తన నిర్ణయం తాను చెప్పగల కూతురి ఆపరేషన్‌కు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల తరఫున పిల్లలు ఇచ్చే అనుమతికీ అదే సూత్రం వర్తిస్తుంది. అందుకని ముందుగా 'మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?' అని వాళ్లనే అడగాలి. కొందరు అన్నీ అడుగుతారు. కొందరు 'మీరే చూసుకోండి' అంటారు. రెండూ గౌరవించదగినవే. అబద్ధం మాత్రం చెప్పకూడదు. 'కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది' అన్న భయం ఊళ్లలో ఇంకా ఉంది. అది నిజం కాదు. మొదటి మూడు స్టేజీల పేగు క్యాన్సర్‌కు ఆపరేషనే ప్రధాన చికిత్స.

ఆపరేషన్‌కు ముందు

గడ్డ ఉన్న పేగు భాగాన్ని, దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులతో సహా తీసేసి, మిగిలిన రెండు కొసలను కలుపుతారు. వీలున్నచోట చిన్న రంధ్రాల గుండా లాప్రోస్కోపీతో చేస్తారు. సర్జన్‌ను అడగవలసిన ప్రశ్నలు కొన్నే: ఏ భాగం తీస్తారు? బ్యాగు పెట్టాల్సి వస్తుందా? వస్తే కొన్నాళ్లకా, శాశ్వతమా? ఇంటికి ఎన్నాళ్లకు వెళ్లవచ్చు? తర్వాత కీమో అవసరం కావచ్చా?

పొగ, బీడీ, చుట్ట వెంటనే మానిపించాలి. రక్తహీనతకు ఐరన్ ఎక్కించాల్సి రావచ్చు. షుగర్ అదుపులో ఉండాలి. రోజూ నడక, మూడు బంతుల పరికరంతో శ్వాస వ్యాయామం చేయిస్తే ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులు త్వరగా కోలుకుంటాయి. 'క్యాన్సర్‌కు తిండి పెట్టకూడదు' అని పస్తులుంచడం హాని. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపల రూపంలో మాంసకృత్తులు అందాలి. పేగు ఇరుకైనవారు మాత్రం ఏం తినవచ్చో డాక్టరును అడగాలి.

ఆసుపత్రిలో

డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో చూపిన దారిలో ఇప్పుడు పేగు ఆపరేషన్ అయినవారిని త్వరగా మంచం దింపుతున్నారు, త్వరగా తాగిస్తున్నారు, తినిపిస్తున్నారు. మర్నాడే నడిపిస్తుంటే పిల్లల ప్రాణం ఉసూరుమంటుంది. అయినా ఆపకూడదు. నడక వల్ల పేగు కదులుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. 'గ్యాస్ పోయిందా?' అని డాక్టర్లు పదేపదే అడిగేది పేగు మేల్కొందో లేదో తెలుసుకోవడానికే.

భయపడవలసింది కుట్టు దగ్గర లీకు గురించి. ఇది ఎక్కువగా మొదటి వారం పది రోజుల్లో బయటపడుతుంది. జ్వరం, గుండె వేగం, పెరుగుతున్న కడుపు నొప్పి, ఉబ్బరం కనిపిస్తే రాత్రయినా నర్సుకు చెప్పాలి. వయసు మళ్లినవారు ఆపరేషన్ తర్వాత రాత్రిపూట తికమకగా మాట్లాడవచ్చు. మతి పోయిందని బెదిరిపోకుండా ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి. కళ్లజోడు, వినికిడి యంత్రం, పక్కన తెలిసిన ముఖం ఉంటే వాళ్లు త్వరగా కుదుటపడతారు.

బ్యాగుతో బతుకు

కొందరికి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం బ్యాగులోకి వచ్చేలా చేస్తారు. దీన్ని స్టోమా అంటారు. అది ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు. తాత్కాలికమైతే కొన్ని నెలల తర్వాత మళ్లీ లోపల కలుపుతారు. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయడం, అంచు సరిగ్గా అంటించడం డిశ్చార్జికి ముందే నేర్చుకోవాలి. తండ్రికి కూతురు, అత్తగారికి కోడలు ఈ పని చేయాల్సి వస్తే ఇద్దరికీ సిగ్గుగా ఉంటుంది. వీలైనంత త్వరగా వాళ్లంతట వాళ్లే చేసుకునేలా నేర్పిస్తే గౌరవం నిలుస్తుంది. స్నానం, ప్రయాణం, గుడి, పెళ్లిళ్లు ఏవీ మానక్కర్లేదు. అందులో మైల ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక

తీసిన పేగు రిపోర్టు వచ్చాకే తుది స్టేజీ తెలుస్తుంది. కనీసం 12 లింఫు గ్రంథులనైనా పరీక్షించారా అని చూడాలి. మూడో స్టేజీ అయితే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు కీమోథెరపీ ఇస్తారు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించినవారికి చల్లనివి తగిలితే వేళ్లు జివ్వుమంటాయి. ఫ్రిజ్ నీళ్లు ఇవ్వకూడదు. కీమో రోజుల్లో జ్వరం వస్తే మర్నాటి దాకా ఆగకూడదు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల దాకా బరువులు ఎత్తకూడదు. మెత్తటి అన్నం, ఇడ్లీ, పెరుగుతో మొదలుపెట్టి నెమ్మదిగా మామూలు తిండికి రావాలి.

ఖర్చు విషయానికి వస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పథకాలు క్యాన్సర్ చికిత్సకు వర్తిస్తాయి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. అడ్మిట్ కాకముందే పథకం డెస్కు దగ్గర కనుక్కోవాలి.

చూసుకునే భారమంతా ఇంట్లో ఒక్క మనిషి మీద, చాలాసార్లు కోడలి మీద పడుతుంది. రాత్రులు వంతులు వేసుకోవాలి. దూరాన ఉన్నవాళ్లు డబ్బుతో పాటు సెలవు పెట్టి తమ వంతు రోజులు కూడా ఇవ్వాలి.

ఐదేళ్ల దాకా సీఈఏ, స్కాన్లు, కొలనోస్కోపీ తప్పకుండా చేయిస్తూ ఉండాలి. పిల్లలకు కూడా ఒక బాధ్యత మిగులుతుంది. తల్లికో తండ్రికో ఈ జబ్బు వస్తే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు. అందుకే 40వ ఏట గానీ, తల్లిదండ్రులకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. పాలిప్ దశలోనే తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు. అమ్మానాన్నల వైద్యం ఒక దారికి రాగానే పిల్లలందరూ తమ పరీక్షకు తేదీ ఖాయం చేసుకోవాలి.