పేలుడు పదార్థాల ఇంజనీరింగులో పోస్టుగ్రాడ్యుయేట్ విద్య: నెల్లూరు తీరం చెప్పిన పాఠం

(ప్రత్యేక వ్యాసం)

శ్రీహరికోట పేరు వినగానే నిప్పులు చిమ్ముతూ నింగికెగసే రాకెట్టు కళ్లముందు మెదులుతుంది. ఆ కొద్ది నిమిషాల దృశ్యం వెనుక నెలల తరబడి నిశ్శబ్దంగా సాగే మరొక కార్యక్రమం ఉన్నది. అది రాకెట్టును పైకి నెట్టే ఘన ఇంధనం తయారీ. వందల టన్నుల దహనశీల పదార్థాన్ని కలపడం, పోతపోయడం, గట్టిపరచడం, పరీక్షించడం, భద్రపరచడం అనే ఈ పనిలో చిన్న పొరపాటుకు సైతం తావులేదు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలోని ఘన ఇంధన కర్మాగారంలో సంభవించిన ప్రమాదంలో ఆరుగురు ప్రాణాలు కోల్పోవడం ఈ వాస్తవాన్ని దేశమంతటికీ గుర్తుచేసింది. ఇటువంటి పదార్థాలతో నిత్యం పనిచేసే సైనికాధికారులకు, శాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు క్రమబద్ధమైన ఉన్నత విద్య అందించవలసిన ఆవశ్యకతను, ఆ దిశగా జరిగిన కృషిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తీరం ఎంపికలోనే తొలి పాఠం

శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న తొలి సౌండింగ్ రాకెట్టును ప్రయోగించారు. 2002లో ఈ కేంద్రానికి ఆచార్య సతీష్ ధవన్ పేరు పెట్టారు. దశాబ్దాల పాటు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ద్వీపం, 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తిరుపతి జిల్లా పరిధిలోకి వచ్చింది.

ఒకవైపు సముద్రం, మరొకవైపు విశాలమైన సరస్సు ఉండటం ఈ ప్రదేశం ఎంపికకు ఒక ముఖ్య కారణం. తూర్పు దిశగా సముద్రంపై నుంచి ప్రయోగించే వీలు, భూమధ్యరేఖకు చేరువలో ఉండటం ప్రయోగపరమైన అనుకూలతలు కాగా, జనావాసాలకు దూరంగా ఉండటం భద్రతాపరమైన అనుకూలత. ఈ దూరం ఉచితంగా లభించినది కాదు. ద్వీపంలో తరతరాలుగా నివసించిన యానాదులు, ఇతర కుటుంబాలు తమ ఆవాసాలను వదులుకోవలసి వచ్చింది. నేటికీ ప్రయోగ సమయాలలో మత్స్యకారులు నిర్దేశిత సముద్ర ప్రాంతంలోకి వెళ్లకుండా హెచ్చరికలు జారీ అవుతున్నాయి.

ఈ దూరాన్ని నిర్ణయించడానికి ఒక శాస్త్రీయ సూత్రం కలదు. పేలుడు వల్ల కలిగే వాయుపీడనం దృష్ట్యా పాటించవలసిన సురక్షిత దూరం, నిల్వ ఉన్న పదార్థం పరిమాణానికి ఘనమూలం చొప్పున పెరుగుతుంది. అనగా నిల్వ ఎనిమిది రెట్లయితే దూరం రెండు రెట్లు కావాలి. మందుగుండు గిడ్డంగుల చుట్టూ ఎత్తయిన మట్టికట్టలు, భవనానికీ భవనానికీ మధ్య కనిపించే విశాలమైన ఖాళీ స్థలం ఈ లెక్క ప్రకారం ఏర్పడినవే. ఆ ఖాళీని వృథా భూమిగా భావించి ఆక్రమణలను అనుమతిస్తే ప్రమాదాన్ని ఇళ్ల ముంగిటికి ఆహ్వానించినట్లే అవుతుంది.

మండటం వేరు, పేలడం వేరు

వార్తా కథనాలలో ఇంధనం, మందుగుండు, పేలుడు పదార్థం అనే మాటలు ఒకే అర్థంలో వాడటం తరచు కనిపిస్తుంది. శాస్త్రరీత్యా వీటి మధ్య స్పష్టమైన భేదం ఉన్నది. రాకెట్టు ఇంధనం పొర వెంట పొరగా, ముందుగా నిర్ణయించిన వేగంతో మండటానికి రూపొందినది. ఆర్‌.డి.ఎక్స్‌., టి.ఎన్‌.టి. వంటి విస్ఫోటక పదార్థాలలో రసాయనిక చర్య ధ్వని కంటే అధిక వేగం గల ఆఘాత తరంగంగా ప్రయాణిస్తుంది. మొదటిది నెట్టుతుంది, రెండవది ఛిద్రం చేస్తుంది.

ఐక్యరాజ్యసమితి వర్గీకరణ ప్రకారం పేలుడు పదార్థాలన్నీ ఒకటవ తరగతి ప్రమాదకర వస్తువులు. అందులో మొత్తం నిల్వ ఒక్కసారిగా విస్ఫోటనం చెందగలిగినవి 1.1 విభాగంలోను, ప్రధానంగా అగ్నిప్రమాదం కలిగించేవి 1.3 విభాగంలోను చేరుతాయి. ఏ వాహనంలో ఏది తీసుకువెళ్లాలి, అగ్నిమాపక సిబ్బంది మంటలను ఆర్పాలా లేక అందరినీ దూరంగా తరలించాలా అనే నిర్ణయాలు ఈ విభాగ సంఖ్యపైనే ఆధారపడి ఉంటాయి. కావున ప్రమాద స్థలానికి ముందుగా చేరుకునే రెవిన్యూ, పోలీసు అధికారులకు సైతం ఈ పరిజ్ఞానం ఎంతో అవసరం.

తొమ్మిది టన్నుల నుంచి రెండువందల టన్నులకు

1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టిన ఎస్‌.ఎల్‌.వి.-3 తొలి దశలో దాదాపు 9 టన్నుల ఘన ఇంధనం ఉండేది. పి.ఎస్‌.ఎల్‌.వి. తొలి దశలో ఇది సుమారు 139 టన్నులకు చేరింది. 2010 జనవరి 24న శ్రీహరికోటలో తొలిసారి భూతల పరీక్ష జరిపిన ఎస్‌-200 మోటారులో 200 టన్నులకు పైగా ఇంధనం ఉంటుంది. ప్రపంచంలోని అతిపెద్ద ఘన ఇంధన బూస్టర్లలో ఇది ఒకటి. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన వాహక నౌకకు ఇరువైపులా అమర్చినవి ఈ మోటార్లే.

పరిమాణం పెరిగిన కొద్దీ సమస్య స్వరూపం కూడా మారుతుంది. అమ్మోనియం పెర్‌క్లోరేటు, అల్యూమినియం పొడి, రబ్బరు వంటి బంధక ద్రవ్యం కలిపిన చిక్కటి ముద్దను గాలి బుడగలు చేరకుండా పోతపోయాలి. గట్టిపడిన దిమ్మెలో చిన్న పగులున్నా మండే ఉపరితలం పెరిగి లోపలి పీడనం అదుపు తప్పుతుంది. రాపిడి, దెబ్బ, వేడి, మనిషి దుస్తులపై చేరే స్థిర విద్యుత్తు, ఇవన్నీ ఈ పనిలో శత్రువులే. అందుకే ప్రమాదకర దశలను దూరనియంత్రణతో నిర్వహించడం, ఒక భవనంలో ఉండదగిన వ్యక్తుల సంఖ్యపై, పదార్థం పరిమాణంపై పరిమితి విధించడం, నిప్పురవ్వలు రాని పనిముట్లు వాడటం నియమాలుగా స్థిరపడినవి.

శ్రీహరికోట పౌర అంతరిక్ష కార్యక్రమానికి చెందినది. అయినప్పటికీ క్షిపణి మోటార్ల తయారీకి ఆధారమైన శాస్త్రం కూడా ఇదే. హైదరాబాదులోని క్షిపణి ప్రయోగశాలలు, విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారం, ఉభయ తెలుగు రాష్ట్రాలలోని గనులు, పేలుడు పదార్థాల కర్మాగారాలు అన్నీ ఈ విజ్ఞానంపై ఆధారపడినవే.

డిగ్రీ రూపుదిద్దుకున్న క్రమం

సైనికాధికారులకు ఆయుధ విజ్ఞానంలో ఉన్నత శిక్షణ కొత్త విషయం కాదు. 1952లో పుణెలో ప్రారంభమైన ఆయుధ అధ్యయన సంస్థ కాలక్రమంలో విస్తరించి, 2000లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా పొంది, 2006 నుంచి డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ పేరుతో కొనసాగుతున్నది. త్రివిధ దళాల అధికారులు, రక్షణ శాస్త్రవేత్తలు ఇక్కడ పోస్టుగ్రాడ్యుయేట్ విద్య అభ్యసిస్తున్నారు. 2005లో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డి.ఆర్‌.డి.ఓ.) సహకారంతో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం నెలకొల్పడం జరిగింది. కొత్త అణువుల రూపకల్పన, లేజరు కిరణాలతో పేలుడు పదార్థాలను దూరం నుంచే గుర్తించడం వంటి అంశాలలో అక్కడ పరిశోధనలు సాగాయి.

2021 జూలై 8న అఖిల భారత సాంకేతిక విద్యామండలి, డి.ఆర్‌.డి.ఓ. సంయుక్తంగా డిఫెన్స్ టెక్నాలజీలో ఎం.టెక్. కార్యక్రమాన్ని ప్రారంభించడం ఈ క్రమంలో ముఖ్య ఘట్టం. ఇందులోని ఆరు ప్రత్యేక విభాగాలలో అధిక శక్తి పదార్థాల సాంకేతికత ఒకటి. ఐ.ఐ.టి.లు, ఎన్‌.ఐ.టి.లు, గుర్తింపు పొందిన ఇంజనీరింగు కళాశాలలు దీనిని నిర్వహించవచ్చు. విద్యార్థులకు ప్రధాన పరిశోధన ప్రాజెక్టును డి.ఆర్‌.డి.ఓ. ప్రయోగశాలలలో, ప్రభుత్వరంగ రక్షణ సంస్థలలో, పరిశ్రమలలో చేసే అవకాశం కల్పించారు. ఈ కార్యక్రమం ప్రారంభమైన నాటికి డి.ఆర్‌.డి.ఓ. ఛైర్మన్‌గా ఉన్న డాక్టర్ జి. సతీష్‌రెడ్డి నెల్లూరు జిల్లా మహిమలూరు గ్రామానికి చెందినవారు కావడం గమనార్హం.

విదేశాలలోనూ ఇటువంటి కోర్సులు ఉన్నాయి. బ్రిటన్‌లో క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం రక్షణ అకాడమీ నెలకొన్న ష్రివెనమ్‌లో పేలుడు ఆయుధ ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ నిర్వహిస్తున్నది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని రోలా సాంకేతిక విశ్వవిద్యాలయం, గనుల ఇంజనీరింగు పునాదిపై పేలుడు పదార్థాల ఇంజనీరింగును ప్రత్యేక విద్యాశాఖగా తీర్చిదిద్దింది.

పాఠ్యప్రణాళికలో ఏమి ఉండాలి

సర్వీసులో ఉన్న అధికారి కళాశాల నుంచి నేరుగా వచ్చిన విద్యార్థి వంటివాడు కాడు. ఆయనకు ఆయుధాగారం తెలుసు, బాంబు నిర్వీర్యం తెలుసు. ఫలానా పని ఎందుకు చేయరాదో ఆజ్ఞల రూపంలో తెలుసు. ఆ ఆజ్ఞ వెనుకనున్న కారణాన్ని బోధించడం ఈ డిగ్రీ చేయవలసిన పని.

ఒక ఉదాహరణ పేర్కొనదగినది. మందుగుండు కూడా మనిషి వలె ముసలిదవుతుంది. నైట్రోసెల్యులోజు ఆధారిత ప్రొపెల్లెంటు కాలక్రమంలో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. ఆ చర్యను అదుపుచేసే స్థిరకారిణి తరిగిపోయిన పక్షంలో దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. తగినంత శుద్ధి చేయని టి.ఎన్‌.టి. నుంచి జిడ్డు వంటి ద్రవం బయటకు ఊరుతుంది. తూర్పు తీరంలోని ఎండ, ఉక్క, ఉప్పుగాలి నిల్వలకు అదనపు పరీక్షలు. తేదీ చూసి మాత్రమే నిల్వలను లెక్కించే అధికారికి, వాటి రసాయనిక స్థితిని చదవగలిగిన అధికారికి గల వ్యత్యాసం కొన్ని ప్రాణాలతో సమానం.

అందువలన రసాయన శాస్త్రం, విస్ఫోటన భౌతికశాస్త్రం, నిల్వ, రవాణా నియమాలు, కాలం చెల్లిన మందుగుండును పర్యావరణానికి హాని లేకుండా నాశనం చేసే పద్ధతులు, ప్రమాద విచారణ, ఇవన్నీ ఒకే ప్రణాళికలో ఉండటం అవసరం. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నియమావళి, 2012 నాటి అమ్మోనియం నైట్రేటు నియమావళి కూడా పాఠ్యాంశాలు కావాలి. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు పేలిన పిదప, చెన్నై సమీపంలోని మణలిలో ఏళ్ల తరబడి పడివున్న సుమారు 700 టన్నుల నిల్వను ఆ నెలలోనే హైదరాబాదుకు తరలించడం జరిగింది. కాగితాలపై వివాదం తేలేవరకు ప్రమాదం వేచి ఉండదని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

అనుభవం పుస్తకంగా మారాలి

ఏ కర్మాగారంలోనైనా అనుభవజ్ఞులైన సిబ్బంది పదవీ విరమణ చేసినప్పుడు వారితోపాటు కొంత విజ్ఞానం కూడా గేటు దాటి వెళ్లిపోతుంది. ఏ శబ్దం వినగానే యంత్రం ఆపాలో, ఏ వాసన వచ్చినప్పుడు గిడ్డంగి ఖాళీ చేయాలో వారికి తెలుసు. ఆ విజ్ఞానాన్ని సేకరించి, శాస్త్రంతో సరిచూసి, తరువాతి తరానికి పాఠంగా అందించగలిగినది విశ్వవిద్యాలయం మాత్రమే. ప్రమాద విచారణ నివేదికలను, రహస్య వివరాలు మినహాయించి, తరగతి గదిలో చర్చకు ఉంచినప్పుడే ఈ ప్రయోజనం నెరవేరుతుంది.

ఈ రంగంలో విజయానికి చప్పుడు ఉండదు. ఏ సంఘటనా జరగని రోజే విజయవంతమైన రోజు. అటువంటి రోజులు పత్రికలలో వార్తలు కావు. పేలుడు పదార్థాల ఇంజనీరింగులో పట్టా పుచ్చుకున్న అధికారుల సామర్థ్యానికి అవే కొలమానం. 2004లో శ్రీహరికోటలో విధి నిర్వహణలో అసువులు బాసిన ఆరుగురికి, ఆ కోవలో దేశమంతటా ప్రాణాలర్పించిన సిబ్బందికి ఈ విద్య విస్తరణే సముచితమైన నివాళి కాగలదు.