కారు చక్రము చేతబట్టు సోదరీమణులకు

బండి తోలుటకు కండబలము కావలెనని మన యిండ్లలో నేటికిని అనుకొందురు. అది సరికాదు. కారునకు వలసినవి చూపు, నిదానము, చేతుల పొందిక. 1888వ సంవత్సరమున జర్మనీ దేశమందు బెర్తా బెంజ్ అను గృహిణి, భర్త నిర్మించిన మోటారుబండిలో ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు ప్రయాణము చేసెను. ఆ బండికి నేటి గుండ్రని చక్రము సైతము లేదు. చేతిపిడితోనే త్రిప్పవలసి యుండెను.

వేంపల్లె వంటి యూళ్లలో ఈ విద్య వేడుక కాదు, అవసరము. నడిరేయి బిడ్డకు జ్వరము వచ్చినను, ముసలి యత్తగారికి ఆయాసము తోచినను, కడపకో పులివెందులకో పోవలెనన్న ఇంటి మగవారు ఊర నుండవలెను, లేదా అద్దెబండి దొరకవలెను. వాకిట కారుండియు తోలువారు లేక నిలిచిపోవుట యెంత దుఃఖకరము! కావున చక్రము పట్టు పద్ధతిని మేమిచట వివరించుచున్నాము.

ముందుగా ఆసనము సరిచూచుకొనవలెను. వీపు ఆనించి చేయి చాచినపుడు మణికట్టు చక్రపు పైయంచున ఆనవలెను. రొమ్మునకును చక్రమునకును నడుమ పదియంగుళముల యెడముండుట మేలు. చీరకొంగు నడుమున దోపి, దానిపై సీటుబెల్టు బిగించుకొనవలెను.

చక్రమును గడియారముగా భావింపుడు. ఎడమచేయి 9 అంకె చోటను, కుడిచేయి 3 అంకె చోటను ఉండవలెను. పూర్వము 10, 2 అంకెల చోట్ల పట్టుమని నేర్పెడివారు. నేటి కార్లలో చక్రపు నడుమ గాలిసంచి దాగియుండును. ఢీకొన్న క్షణముననే అది ఉబ్బి బయటికి వచ్చును. అపుడు పైన నున్న చేతులు మొగమునకు కొట్టుకొను ప్రమాదము కలదు. అందువలననే పద్ధతి మారినది.

చల్ల చిలుకునపుడు కవ్వపు త్రాటిని ఒక చేయి లాగ, రెండవ చేయి సడలించును గదా! మలుపు త్రిప్పుటయు అట్టిదే. ఎడమకు పోవలెనన్న ఎడమచేతిని పైకి జరిపి చక్రమును క్రిందికి లాగవలెను. ఆ వేళ కుడిచేయి పట్టు సడలించి క్రిందికి జారవలెను. పిదప కుడిచేయి చక్రమును పైకి త్రోయగా, ఎడమచేయి సడలి పైకి జారును. మలుపు తీరినపుడు చక్రము తనంతట వెనుకకు మరలును. దానిని అరచేతులలో జారనిండు, విడిచిపెట్టకుడు.

మన దారులలో గొర్రెల మందలు, ట్రాక్టర్లు హఠాత్తుగా ఎదురగుట సామాన్యము. గొర్రె అడ్డము వచ్చినంతనే చక్రమును విసురుగా త్రిప్పరాదు. వేగముమీద అట్లు చేసిన బండి బోల్తాపడవచ్చును. ముందు బ్రేకు, పిదప చక్రము. చూపు గొర్రె మీద గాక, పోవలసిన ఖాళీచోటి మీద నుంచవలెను. కన్ను పోయిన దారినే చేయియు పోవును.

పెట్రోలు ఆదా యగునని పల్లములో ఇంజను ఆపు అలవాటు కొందరికి గలదు. ఇది ప్రాణాంతకము. ఇంజను ఆగిన చక్రము బరువెక్కును, బ్రేకు బిరుసగును. తాళము తీసినచో చక్రమే బిగిసిపోవచ్చును.

పదునెనిమిదేండ్లు నిండినవారు లెర్నర్ లైసెన్సు పొంది, లైసెన్సు గలవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బండికి ముందు వెనుకల ‘ఎల్’ ఫలకము కట్టి నేర్చుకొనవలెను. తొలుత ఖాళీ మైదానము, పిదప ఉదయపు వేళ ఊరిబాట. శ్రావణ శనివారములందు గండి ఆంజనేయస్వామి సన్నిధికి జనము క్రిక్కిరిసి పోవుదురు. ఆ దినములందు ఆ దారి క్రొత్తవారికి తగదు.

కారుగల ప్రతి యింటను ఒక స్త్రీయైనను ఈ విద్య నేర్చియుండవలెనని మా మనవి. ఆపద వేళ చూచి రాదు గదా!